అబ్బాయి ఎగురుతానంటున్నాడు, ఏ ముద్రని నమ్మాలి?

(ఎయిర్ ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు పారాచూట్లు మడతపెట్టి, రిటైరయ్యాక తానే పారాగ్లైడింగ్ (గుడ్డ రెక్కకి వేలాడుతూ కొండ మీంచి ఎగరడం) నేర్చుకున్న విశాఖవాసి ఈ శీర్షికలో మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పారాగ్లైడింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. మూడు స్కూళ్ల వివరాలు పంపాడు. మూడింటి మీదా మూడు రకాల ముద్రలు, మూడూ ‘గుర్తింపు పొందిన’ స్కూళ్లే! క్రికెట్‌కి బోర్డు ఉన్నట్టు దీనికి దేశం మొత్తానికీ ఒక సంఘం ఉండదా? ఉంటే వాళ్లనే అడిగి తేల్చుకుంటాం కదా. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఉందమ్మా. దాని పేరు ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా. పుట్టింది 1927లో, అంటే మీరు చెప్పిన క్రికెట్ బోర్డు కంటే ఒక ఏడాది పెద్దది. 1929 ఫిబ్రవరి 10న జేఆర్‌డీ టాటా చేతికి వచ్చిన పైలట్ లైసెన్సు నంబర్ 1 ఈ క్లబ్బు ఇచ్చిందే. అప్పట్లో దాని పేరు ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా. ఇంత చరిత్ర ఉండి కూడా మనలో నూటికి తొంభై మందికి దాని పేరు తెలియదు. ఇరవై ఏళ్లు పారాచూట్ల మధ్య బతికిన నాకే నలభై ఆరో ఏట తెలిసింది, ఇక మిమ్మల్ని ఏమంటాను!

ఈ క్లబ్బు పైన ప్రపంచం మొత్తానికి ఎఫ్ఏఐ అని ఇంకొకటి ఉంది. 1905లో పారిస్‌లో మొదలైంది, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నుంచి నడుస్తోంది. గాల్లో చేసిన రికార్డు ఏదైనా లెక్కలోకి రావాలంటే దాని పుస్తకంలోకి ఎక్కాలి. అది పూర్తి సభ్యత్వం దేశానికి ఒక్క సంఘానికే ఇస్తుంది. అందుకే ప్రతి దేశంలోనూ గాల్లో ఆడే ఆటలన్నిటికీ కలిపి ఒక గొడుగు సంఘం తయారైంది.

కానీ ఆ గొడుగు కింద నిలబడేవాళ్ల తీరు చూడాలి. 2017లో అరకులో బెలూన్ ఫెస్టివల్ జరిగింది గుర్తుందా? బెలూన్లు ఎగిరేది తెల్లవారుజామున, గాలి ఇంకా నిద్ర లేవక ముందు. వాళ్లకి ఎండెక్కితే భయం. మాకేమో ఎండెక్కకపోతే విసుగు. నేల వేడెక్కి గాలి పైకి లేస్తే పారాగ్లైడర్ పైకి పోతుంది, ఆ లేచే గాలినే మేము థర్మల్ అంటాం. చిన్న నమూనా విమానాలు చేసి ఎగరేసే ఏరోమోడలింగ్ కుర్రాళ్ల కష్టాలు వేరు, విమానంలోంచి దూకే స్కైడైవర్ల కష్టాలు వేరు. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్లలాగా అందరూ ఒకే కప్పు కింద ఉంటారు, ఎవరి పొయ్యి వాళ్లదే.

ఈ ఇంటికి ఒక పద్ధతి పెడదామని కేంద్ర పౌర విమానయాన శాఖ 2022 జూన్ 7న జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ పాలసీ విడుదల చేసింది. పదకొండు ఆటల్ని లెక్కలోకి తీసుకుంది. పైన ఎయిర్ స్పోర్ట్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అని ఒకటి, దాని కింద ఒక్కో ఆటకి జాతీయ సంఘం, ఆ కింద ప్రాంతీయ లేదా రాష్ట్ర విభాగాలు, అడుగున జిల్లా సంఘాలు: ఇలా నాలుగు అంచెలు గీసింది. కాగితం మీద గీత బాగానే ఉంది. మా సెక్షన్‌లో సీనియర్ ఒకాయన అంటుండేవాడు, పటం గీసినవాడు వేరు, పారాచూట్ మడిచేవాడు వేరు అని.

ఇప్పుడు మీ మూడు ముద్రల సంగతి. మూడూ నిజమే కావచ్చు. ఎందుకంటే మూడూ మూడు వేరే ప్రశ్నలకి జవాబులు. ఒకటి రాష్ట్ర పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ అయి ఉంటుంది. హిమాచల్‌కి 2004 నుంచి సొంత ఏరో స్పోర్ట్స్ నిబంధనలున్నాయి. ఆ ముద్ర చెప్పేది ‘ఈ వ్యాపారానికి ఇక్కడ అనుమతి ఉంది’ అని. అంతేగానీ, పాఠం బాగా చెబుతారని కాదు. రెండోది పాఠం చెప్పే మనిషికి ఏదో సంఘం ఇచ్చిన ఇన్‌స్ట్రక్టర్ అర్హత. మూడోది వింగ్ మీద, అంటే మనల్ని మోసే గుడ్డ రెక్క మీద ఉండే యూరోపియన్ పరీక్ష ముద్ర, ఎ నుంచి డి వరకు. అది గుడ్డ గురించి, మనిషి గురించి కాదు. కొత్తవాళ్లు ఎగరాల్సింది ‘ఎ’ వింగ్ మీదే. బ్రోచర్ మీద మాత్రం మూడూ పెళ్లి కార్డు మీద దేవుళ్ల బొమ్మల్లా ఒకే వరసలో ఉంటాయి.

కాబట్టి అబ్బాయి చేత ఫోన్ చేయించి మూడు విషయాలు కనుక్కోండి. పాఠం చెప్పేది ఎవరు? స్కూలు యజమానా, లేక ఆయన దగ్గర మొన్నే చేరిన కుర్రాడా? ఆ మనిషి ఇన్‌స్ట్రక్టర్ అర్హత ఎవరిచ్చారు, దాని గడువు ఎప్పటిదాకా? కోర్సు అయ్యాక చేతికి ఏమిస్తారు? ఫోటోలూ సర్టిఫికెట్టూ ఇస్తామంటే చాలదు. ప్రతి ఫ్లైటూ రాసి సంతకం పెట్టిన లాగ్‌బుక్ కావాలి. ఎఫ్ఏఐ వాళ్లదే ఐపీపీఐ కార్డు అని ఒకటి ఉంది, మీ అబ్బాయి ఏ మెట్టు మీద ఉన్నాడో బయటి దేశంలో కూడా అర్థమయ్యేలా చెప్పేది అదే. అందులో మొత్తం అయిదు మెట్లు. నేల మీంచి అడుగు ఎత్తులో జారడంతో మొదలై, కొండలు దాటి దూరం పోవడంతో అయిపోతుంది.

నేనైతే ఇంకొకటి కూడా అడుగుతాను, ఇది నా పాత ఉద్యోగం రోగం. రిజర్వ్ పారాచూట్ ప్యాకింగ్ కార్డు చూపించమంటాను. పారాగ్లైడర్ సీటులోనే అత్యవసరానికి చిన్న పారాచూట్ ఒకటి ఉంటుంది. ఏడాదికి ఒక్కసారైనా దాన్ని విప్పి, ఆరబెట్టి, మళ్లీ మడవాలి. లేకపోతే గుడ్డ మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మా విశాఖ ఉప్పుగాలికి ఇంకా ముందే. కార్డు మీద తేదీ, మడిచినవాడి సంతకం ఉండాలి. ఆగ్రాలో మేము పొడవాటి టేబుల్ మీద మడిచేవాళ్లం. మడత జారకుండా చిన్న బరువు సంచులు పెట్టేవాళ్లం. సంచి మూసే ముందు ఆ బరువులు లెక్కపెట్టడం రూలు. అయిదు పెడితే అయిదూ టేబుల్ మీద కనపడాలి. ఒక్కటి తగ్గితే మొత్తం విప్పడమే, టైమ్ ఎంతైనా సరే. అంత లెక్క ఉన్నా సంతకం పెట్టేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగేది. నేను మడిచిన దాంతో దూకేవాడి మొహం నేను ఎప్పుడూ చూడను కదా.

ఇంత జాగ్రత్త మనిషినని చెప్పుకునే నేనే మహారాష్ట్రలో కామ్‌షేట్ కొండ మీద ఏం చేశానో వినండి. హార్నెస్, అంటే పట్టీలున్న సీటు, వేసుకుంటున్నాను. ఛాతీ బకిల్ పెట్టాను. ఇంతలో ఎవరో “మీది విశాఖా? మా చెల్లెల్ని గాజువాకలో ఇచ్చాం” అన్నారు. తెలుగు మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది, కబుర్లలో పడ్డాను. తర్వాత హెల్మెట్ పెట్టుకుని వింగ్ ఎత్తడానికి సిద్ధమయ్యాను. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి ఏమీ మాట్లాడకుండా నా తొడ దగ్గర చెయ్యి పెట్టి పట్టీ లాగాడు. పట్టీ ఆయన చేతిలోకి వచ్చేసింది. రెండు కాళ్ల పట్టీలూ పెట్టుకోలేదు నేను. అలాగే ఎగిరి ఉంటే సీటులోంచి కిందికి జారి, చంకల దగ్గర వేలాడేవాణ్ని, ఎంతసేపు పట్టుకోగలిగితే అంతసేపు. ఆయన తిట్టలేదు. ఆ రోజుకి ఇక ఎగరొద్దన్నాడు, కింద కూర్చుని మిగతావాళ్ల పట్టీలు చూడమన్నాడు.

అమ్మా, ఏ సంఘమూ మీవాడి కాలి పట్టీ లాగి చూడదు. ఆ ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి చూస్తుంది. ఆ చేతికి అలా చూడటం నేర్పించడం సంఘం పని. జర్మనీలో ప్రభుత్వం పారాగ్లైడింగ్ లైసెన్సుల పనే అక్కడి సంఘానికి అప్పగించింది, ఆ సంఘం ప్రమాదాల్ని విశ్లేషించి అందరికీ తెలిసేలా ప్రచురిస్తుంది. మన దగ్గర ప్రమాదం జరిగితే రెండు రోజులు పేపర్లో వస్తుంది, మూడో రోజు ఎవరికీ గుర్తుండదు. గొడుగు సంఘం మీద నాకున్న అసలు కోపం లోగోల గురించి కాదు, ఇదిగో దీని గురించే.

అబ్బాయిని అక్టోబరు తర్వాత పంపండి. వానాకాలంలో ఎవరైనా “రండి, డిస్కౌంట్ ఇస్తాం” అంటే ఫోన్ పెట్టేయమనండి. హిమాచల్‌లో జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎగరడం నిషేధం.

ప్రశ్న: కిందటి ఎండాకాలం ఒక హిల్ స్టేషన్‌లో నేనూ మా ఆవిడా టాండెమ్ రైడ్ (పైలట్‌తో కలిసి పారాగ్లైడర్ మీద ఎగరడం) చేశాం. డబ్బు నగదుగా తీసుకున్నారు, రసీదు లేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, చదవనివ్వలేదు. దిగేటప్పుడు మా ఆవిడ చీలమండ బెణికింది. అడిగితే సంతకం పెట్టారుగా అన్నారు. ఇలాంటి వాటికి ఇన్సూరెన్స్ వస్తుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ హెల్త్ పాలసీ బయటకు తీసి మినహాయింపుల పేజీ చూడండి. ‘ఎక్స్‌క్లూజన్ 09’ అని సాహస క్రీడల గురించి ఒక పేరా ఉంటుంది. చాలామంది ఆ హెడ్డింగ్ చూసి నీరసపడి పాలసీ మూసేస్తారు. లోపల చదవండి. ‘ప్రొఫెషనల్‌గా’ పాల్గొన్నప్పుడు వచ్చిన ఖర్చు ఇవ్వం అని ఉంటుంది. మీ ఆవిడ సెలవుల్లో ఒక్కసారి టాండెమ్ ఎక్కితే ప్రొఫెషనల్ ఎలా అవుతారు? ఆస్పత్రి బిల్లులుంటే క్లెయిమ్ పెట్టండి, కాదంటే ఈ మాట ఎత్తి చూపించి రాతపూర్వకంగా జవాబు అడగండి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ అయితే షరతులు వేరుగా ఉంటాయి, అది విడిగా చదవాలి.

సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. కానీ రసీదు లేకుండా మీరు ఎవరితో ఎగిరారో నిరూపించడం కష్టం. ఫోన్‌లో వీడియో ఉందా? టాండెమ్ అన్నాక సెల్ఫీ స్టిక్ తప్పదుగా. అందులో పైలట్ మొహం, వింగ్ రంగు, తేదీ అన్నీ ఉంటాయి. దాన్ని జత చేసి ఆ జిల్లా పర్యాటక అధికారికి రాయండి. చీలమండ మాత్రం నిర్లక్ష్యం చేయకండి, ఒక ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో ఉంటాను. అక్కడి సంఘం పీ-2 రేటింగ్ ఉంది. డిసెంబర్ సెలవులకి ఇంటికొస్తున్నాను. హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌లో సొంతంగా ఎగరొచ్చా?
– శాన్ హోసే నుంచి ఒక తమ్ముడు

జవాబు: పీ-2 అంటే మీ దగ్గర నోవిస్, అంటే కొత్తవాళ్ల మెట్టు కదా తమ్ముడూ. ఐపీపీఐ అంకె, అమెరికా అంకె ఒకటే అనుకోకు, రెండు కార్డులూ పట్టుకురా. వచ్చీ రాగానే అక్కడ పేరు నమోదు చేయించుకో. టేకాఫ్ దాదాపు 2,400 మీటర్ల ఎత్తున, వెనక ధౌళాధార్ కొండలు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగిన చోటు అది. శాన్ హోసే పక్కన సముద్రపు గాలి మీద మెత్తగా తేలినట్టు ఉండదు. మొదటి రెండు రోజులు అక్కడి గైడుతో ఎగురు, కొండల వెనక్కి మాత్రం పోకు. అమ్మకి ముందే చెప్పు, వాట్సాప్ స్టేటస్‌లో చూసి తెలుసుకునేలా చేయకు.

ప్రశ్న: మాది విశాఖ, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఆరుగురు అమ్మాయిలం కలిసి ఏరోమోడలింగ్ క్లబ్ పెడదామనుకుంటున్నాం. ఏదైనా జాతీయ సంఘంలో చేరితేనే ఎగరెయ్యాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: ముందు క్లబ్, తర్వాత సంఘం, తల్లీ. పైన చెప్పిన 2022 పాలసీలో ఏరోమోడలింగ్ కూడా ఒక ఆటే, కాబట్టి పుస్తకాలూ లెక్కలూ మొదటి రోజు నుంచే సరిగ్గా రాసుకోండి. రేపు అనుబంధం అడిగినప్పుడు వాళ్లు చూసేది అవే. మీ కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే ఆ ఆఫీసర్ని కలవండి, వాళ్ల దగ్గర ఏరోమోడలింగ్ పాఠాల్లో భాగం.

మోటారు, రిమోట్ పెట్టి ఎగరేసేది మాత్రం డ్రోన్ నిబంధనలు 2021 కిందికి వస్తుంది. కంటికి కనపడేంత దూరంలోనే ఎగరెయ్యాలి. ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీరు ఎగరేసే చోటు ఏ రంగులో ఉందో చూడండి. మన ఊళ్లో ఇది మరీ ముఖ్యం. ఇక్కడే నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. “ఖాళీ గ్రౌండ్ కదా” అని వెళ్తే ఇంటికి విమానం లేకుండా రావాల్సి ఉంటుంది.

అందుకని మొదటి నెల రిమోట్ జోలికే పోకండి. బాల్సా చెక్కతో చేత్తో విసిరే గ్లైడర్ చేయండి. విసరగానే ముక్కు పైకెత్తి, ఆగి, దబ్బున పడిందా? బరువు వెనక ఉందన్నమాట. ముక్కుకి రూపాయి బిళ్ల టేపుతో అతికించి మళ్లీ విసరండి. నేరుగా నేలకే పొడుచుకుందా? బిళ్ల తీసి అర్ధరూపాయి పెట్టండి. వంద సార్లు విసిరితే ఏ క్లాసులోనూ అర్థం కానిది చేతికి అర్థమవుతుంది. హాల్లో విసిరేటప్పుడు ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి. మా మనవడు మర్చిపోయాడు, వాడి మొదటి గ్లైడర్ ఇంకా మూడు ముక్కలుగా మా బీరువా మీద ఉంది.