డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ విశ్లేషణ: టెక్నిక్ పేర్లన్నీ రాసినా ‘ఇది వర్ణనే’ అని ఎందుకంటారు?

అమలాపురం దగ్గర డిగ్రీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “మీడియా స్టడీస్ పేపర్‌లో ఒక డాక్యుమెంటరీ, ఒక షార్ట్ ఫిల్మ్ తీసుకుని టెక్నిక్స్ విశ్లేషించమన్నారు. క్లోజప్, లో యాంగిల్, మాంటాజ్ అన్నీ గుర్తుపట్టి రాశాను. ‘ఇది వర్ణన, విశ్లేషణ కాదు’ అని వెనక్కి ఇచ్చేశారు. తేడా ఏమిటి? మా బావ తీసిన షార్ట్ ఫిల్మ్ మీద రాయొచ్చా?”

నమస్తే అండి. మాది నరసాపురం. జర్నలిజం చదువుకుని, ఇప్పుడు చిన్న డాక్యుమెంటరీలకు ఎడిటింగ్ చేస్తున్నాను. తెలిసినవాళ్ల పిల్లలు ఇలాంటి వ్యాసాలు రాసినప్పుడు చదివి పెడుతుంటాను కూడా. మీ ఇబ్బంది వాటిలో చాలాసార్లు చూశాను. షాట్ పేరు సరిగ్గానే ఉంటుంది. దాని పక్కన ‘దీనివల్ల భావోద్వేగం పెరిగింది’ అని ఉంటుంది. ఆ వాక్యాన్ని ఏ సినిమాలోని ఏ క్లోజప్ పక్కన పెట్టినా అతుకుతుంది. అలా ఎక్కడైనా అతికే వాక్యం మీరు చూసిన సినిమా గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ షాట్ ఇంకోలా తీసి ఉంటే, చూసేవాళ్లకు తెలిసేదాంట్లో ఏం మారేది?

మా ఊరి లేసు పనినే తీసుకోండి. నరసాపురం లేసు మీద వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం ఒకే రకంగా మొదలవుతాయి. సూది, దారం, కదిలే వేళ్లు, అన్నీ బాగా దగ్గర నుంచి. వెనక వీణ. చూడగానే ‘ఎంత నైపుణ్యం, ఎంత ఓపిక’ అనిపిస్తుంది. ఇప్పుడు అదే అమ్మను అదే అరుగు మీద వైడ్ షాట్‌లో ఊహించుకోండి. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పిల్లాడు చెంగు పట్టుకు లాగుతున్నాడు. వెలుతురు తగ్గుతోందని ఆవిడ గుమ్మం వైపు కాస్త జరిగి కూర్చుంది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఈ షాట్‌లో లేసు డిజైన్ సరిగా కనపడదు, కానీ ఆవిడకు రోజు ఎలా గడుస్తుందో కనపడుతుంది.

1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివాళ్ల మీద ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్ కోసం సరుకు తయారు చేస్తున్న ఈ ఆడవాళ్లను కార్మికులుగా లెక్కపెట్టరు, ఇంట్లో ఉండి తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారని చూస్తారు, కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ చూపే ఆధారం అన్నది అందులో ముఖ్యమైన వాదన. అది తెలిశాక మళ్లీ ఆ క్లోజప్‌లు చూడండి. ఫ్రేములో పొయ్యి లేదు, పిల్లాడు లేడు, చీకటి పడటం లేదు. అంటే తీరిక అనే అభిప్రాయాన్ని ఆ ఫ్రేమింగే నిలబెడుతోంది. తీసినవాళ్లకు ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు, అయినా తెర మీద జరుగుతున్నది అదే. మీ మాస్టారు అడుగుతున్న విశ్లేషణ ఇదని నేననుకుంటున్నాను. క్లోజప్ అని గుర్తుపట్టడంతో పని మొదలవుతుంది, ఆ క్లోజప్ ఫ్రేము బయటికి ఎవరిని, దేన్ని నెట్టేసిందో చెప్పినప్పుడు వ్యాసం నిలబడుతుంది.

ఇక చూసే పద్ధతి. మొదటిసారి పెన్ను పక్కన పెట్టి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. మూడోసారి స్క్రీన్ వైపు చూడకుండా వినండి. తర్వాత మొత్తం సినిమా మీద పడకుండా, ముఖ్యమనిపించిన రెండు మూడు నిమిషాల భాగం తీసుకుని షాట్ జాబితా రాయండి: ఎన్నో షాట్, ఎన్ని సెకన్లు, సైజు (దగ్గర నుంచా, దూరం నుంచా), కెమెరా కదిలిందా, ఏం వినపడుతోంది, తర్వాతి షాట్‌కి ఎలా వెళ్లారు. యూట్యూబ్‌లో అయితే వీడియో ఆపి కీబోర్డులో ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు వెళ్తుంది, కామా నొక్కితే వెనక్కి వస్తుంది. కట్, అంటే ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు, ఎక్కడ పడిందో కచ్చితంగా దొరుకుతుంది. మొత్తం సెకన్లను షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు షాట్ నిడివి వస్తుంది. అయితే ఆ సగటు కంటే, దానికి దూరంగా పోయిన షాటే మీకు ఎక్కువ పనికొస్తుంది. అన్నీ నాలుగైదు సెకన్లలో అయిపోతుంటే ఒక్కటి మాత్రం నలభై సెకన్లు ఎందుకు ఉంది? వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

సౌండ్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే విద్యార్థులు దాదాపు అందరూ దాన్ని చివర్లో ఒక పేరాతో సరిపెట్టేస్తారు. నా స్నేహితుడు సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్ని, బైకుల్ని గోదావరి దాటించే పడవ) మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీశాడు. ఎడిటింగ్ నేనే చేశాను. పంటు నడిపే ఆయన చుక్కాని దగ్గర నిలబడి మాట్లాడుతుంటాడు. ఇంజిన్ మోత, బైకుల హారన్లు, జనం కేకలు, అన్నీ అలాగే ఉంచాం. కొన్ని మాటలు సరిగా వినపడవు కూడా. ఒకచోట ఆయన గల్ఫ్ వెళ్లిన కొడుకు సంగతి ఎత్తుతాడు. అక్కడ మావాడు ఇంజిన్ మోత మెల్లగా తగ్గించి పూర్తిగా తీసేయమన్నాడు. బొమ్మలో పంటు నడుస్తూనే ఉంది, ఆయన గొంతు మాత్రమే వినపడుతోంది.

దీన్ని విశ్లేషించాలంటే ‘నిశ్శబ్దం వల్ల బాధ తెలిసింది’ అని ఆపకూడదు. నడుస్తున్న పంటు మీద అలాంటి నిశ్శబ్దం ఎవరికీ వినపడదు. అప్పటిదాకా సినిమా మనల్ని ఒక ప్రయాణికుడి చోట నిలబెట్టింది, ఆయన మాటలు మనకూ సగమే వినపడ్డాయి. మోత తీసేసిన క్షణం నుంచి మనం ఆయన మనసు లోపల ఉన్నాం. చూసి రికార్డు చేసినట్టు నడుస్తున్న డాక్యుమెంటరీ, ఆ ఒక్క నిర్ణయంతో ఆయన తరఫున మాట్లాడటం మొదలుపెట్టింది. అది సబబా కాదా అన్నది వేరే చర్చ. నా వరకు నాకు ఆ మోత ఉంచేయాలనే అనిపించింది, కొడుకు గురించి కూడా ఆయన అరిచి చెప్పాల్సి రావడంలోనే ఆయన బతుకు ఉందని. మీ వ్యాసంలో ఇలాంటి అభిప్రాయం నిర్భయంగా రాయండి, కారణం చూపిస్తే చాలు.

డాక్యుమెంటరీకి ఇంకో బరువు ఉంటుంది. అందులోని ప్రతి టెక్నిక్ ‘ఇది నిజం’ అని హామీ ఇస్తూ ఉంటుంది. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’లో మంచు ఇంటి లోపలి దృశ్యాలున్నాయి. నిజమైన ఇగ్లూలో కెమెరాకు చాలినంత వెలుతురు రాలేదు. అందుకని ఒక వైపు తెరిచి ఉన్న ఇగ్లూ కట్టించి, ఆ చలిగాలిలోనే సినిమాలోని ఇన్యూట్ (ఆర్కిటిక్ మంచు ప్రాంతపు ప్రజలు) కుటుంబం పడుకుని లేచినట్టు తీశారు. ఇది తెలిసి ‘మోసం’ అని కొట్టిపారేస్తే వ్యాసం అక్కడే ఆగిపోతుంది. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, కెమెరా అంత దూరంలో నిలబడటానికి అసలు అక్కడ చోటెక్కడిది అని అడగండి. కెమెరా ఎక్కడ నిలబడింది, అక్కడ నిలబడనిచ్చిందెవరు అన్న ప్రశ్న ఈ రోజు తీసే ఏ డాక్యుమెంటరీకైనా పనిచేస్తుంది.

వ్యాఖ్యానం బలం ఎంతో తెలియాలంటే 1957 నాటి ‘లెటర్ ఫ్రమ్ సైబీరియా’లో ఒక భాగం చూడండి. యాకూత్స్క్ పట్టణంలో ఒక వీధి, ఒక బస్సు, రోడ్డు పనివాళ్లు. దర్శకుడు క్రిస్ మార్కర్ అవే షాట్లను వెంటవెంటనే మూడుసార్లు చూపిస్తాడు. వ్యాఖ్యానం ఒకసారి సోవియట్ వ్యవస్థను పొగుడుతుంది, ఒకసారి తిడుతుంది, ఒకసారి ఎటూ మొగ్గనట్టు చెబుతుంది. బొమ్మ మారలేదు, మనం చూసే వీధి మూడుసార్లూ మారిపోయింది.

ఇదే కసరత్తు మన దగ్గర చేయిస్తుంటాను. ధవళేశ్వరం బ్యారేజి గేట్ల నుంచి వరద నీరు దూకుతున్న అరనిమిషం వీడియో తీసుకోండి. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ధాన్యాగారమైన కథ, కాటన్ దొర పేరుతో కలిపి ఒకసారి చదవండి. రెండోసారి వార్తల గొంతుతో, ‘నీటిమట్టం 17.75 అడుగులు, మూడో ప్రమాద హెచ్చరిక జారీ’ అని చదవండి. మూడోసారి ఒక లంక గ్రామంలో సామాన్లు అటక మీదికి ఎక్కిస్తున్న ఇల్లాలి మాటలు పెట్టండి. మొదటిదాంట్లో నీళ్లు వరం, రెండోదాంట్లో అంకె, మూడోదాంట్లో గుమ్మం దగ్గరికి వస్తున్న భయం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మీద వచ్చిన వీడియోలు ఇప్పటికీ నెట్‌లో దొరుకుతాయి. వాటిలో బ్యారేజి మీద నుంచి తీసినవి, నీళ్లలో పడవ మీద నుంచి తీసినవి విడివిడిగా పెట్టి చూడండి. స్క్రీన్ మీద అంకెలు ఎక్కువగా ఏ రకంలో కనపడతాయో గమనించండి.

సినిమా సిద్ధాంతాల మీద రాసే బిల్ నికోల్స్ చెప్పిన ఆరు డాక్యుమెంటరీ పద్ధతులు మీ సిలబస్‌లో ఉండే ఉంటాయి: పొయటిక్ (కవితలా సాగేది), ఎక్స్‌పోజిటరీ (వ్యాఖ్యానంతో వివరించేది), అబ్జర్వేషనల్ (కలగజేసుకోకుండా గమనించేది), పార్టిసిపేటరీ (తీసేవాళ్లూ పాల్గొనేది), రిఫ్లెక్సివ్ (సినిమా తీయడాన్నే ప్రశ్నించేది), పెర్ఫార్మేటివ్ (సొంత అనుభవాన్ని ముందుంచేది). సినిమా మొత్తానికి ఒక్క పేరు తగిలించి వదిలేయకండి. ఒకే సినిమా ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి ఏ నిమిషంలో, ఏ షాట్‌తో మారిందో పట్టుకోండి. పైన చెప్పిన పంటు సినిమాలో ఇంజిన్ మోత ఆగిన చోటు అలాంటిదే.

డ్రోన్ షాట్ల మీద నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. కోనసీమ మీద ఏ వీడియో తీసినా కొబ్బరితోటల మీదుగా డ్రోన్ ఎగరాల్సిందే అన్నట్టు అయిపోయింది. పై నుంచి ఆకుపచ్చ తివాచీ కనపడుతుంది, దాని కింద కొబ్బరికాయలు దింపే కార్మికుడు కనపడడు. ఆ మనిషి చెట్టెక్కడాన్ని ఒకే టేక్‌లో, కెమెరా కదపకుండా, మొదలు నుంచి మట్ట దాకా తీస్తే ఎంతసేపు పడుతుందో అంతసేపూ మనం కూర్చోవాలి. మధ్యలో కట్ పెడితే ఆ శ్రమ ఎడిటర్ చేతిలో మాయమవుతుంది. లో యాంగిల్ పెడితే, అంటే కెమెరాను కింద నుంచి పైకి చూపిస్తే, ఆయన హీరో అవుతాడు, కానీ కాళ్లకు బంధం ఎలా పడుతోందో సరిగా తెలియదు. మూడింటిలో ఏది సరైనదని నేను చెప్పలేను, సినిమా దేని గురించి అన్నదాన్ని బట్టి ఉంటుంది. డ్రోన్ తప్పనిసరి మాత్రం కాదు.

షార్ట్ ఫిల్మ్‌కి చూడాల్సింది కొంచెం వేరు. పది పదిహేను నిమిషాల్లో పాత్ర పరిచయానికి టైం ఉండదు కాబట్టి సెట్, బట్టలు, కెమెరా ఎత్తు ఆ పని చేస్తాయి. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన ‘టూ’ చూడండి, మాటలే లేవు. మేడ మీద కిటికీలో ధనవంతుల పిల్లాడు, కింద మైదానంలో పేద పిల్లాడు. వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకునే ప్రతి షాట్‌లో ఒకడు కిందికి చూడాలి, ఇంకోడు పైకి చూడాలి. ఇద్దరినీ ఒకే ఎత్తులో నిలబెట్టి తీసి ఉంటే అది ఎవరి ఆటబొమ్మ గొప్పదన్న పోటీగానే మిగిలేది. కథను మలుపు తిప్పే సమాచారాన్ని ఏ షాట్ దాకా దాచిపెట్టారు అన్నది కూడా చూడండి. షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్‌లో సగం పని అక్కడే ఉంటుంది.

రాసేటప్పుడు పేరా ఎలా ఉండాలో ఒక నమూనా ఇస్తాను. మీరు రాసింది బహుశా ఇలా ఉండి ఉంటుంది: ‘దర్శకుడు ఇక్కడ క్లోజప్ వాడాడు. ఇది పాత్ర బాధను చక్కగా చూపిస్తుంది.’ దాని బదులు: ‘3 నిమిషాల 12 సెకన్ల దగ్గర, అప్పటిదాకా ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూపించిన సినిమా మొదటిసారి తల్లి ముఖాన్ని ఒంటరిగా చూపిస్తుంది. కొడుకు మాట ఫ్రేము బయటి నుంచి వినపడుతోంది. ఇద్దరూ కనపడే టూ షాట్ కొనసాగి ఉంటే ఇది ఇద్దరి గొడవగా ఉండేది. అతన్ని ఫ్రేము బయట ఉంచడం వల్ల, అతను ఊరు వదలకముందే ఆవిడకు దూరమయ్యాడని తెలుస్తుంది.’ నిమిషం, షాట్, దానికి ముందు ఏముంది, వేరేలా తీస్తే ఏమయ్యేది, ఇప్పుడు ఏం తెలిసింది. ఇలాంటివి నాలుగు పేరాలుంటే, పాతిక టెక్నిక్ పేర్ల జాబితా కంటే మంచి మార్కులొస్తాయి.

మీ బావ సినిమా సంగతి. మీ కాలేజీ ఒప్పుకుంటే తప్పకుండా రాయండి. ‘నా ఉద్దేశం ఇదీ’ అని ఆయన చెప్పిన మాటను మాత్రం సాక్ష్యంగా వాడొద్దు, తెర మీద కనపడి వినపడేదే సాక్ష్యం. అయితే వేరే ఎవరికీ దొరకని ఒక వనరు మీకు ఉంది. ఒక సీన్‌కి ఆయన తీసి, ఎడిట్‌లో పక్కన పెట్టేసిన టేకులు అడగండి. ఇంకోలా తీసి ఉంటే ఏమయ్యేదో మేమందరం ఊహించి రాస్తాం, మీరు దాన్ని కళ్లతో చూసి రాయొచ్చు. పనికొచ్చిన టేకు, పక్కన పెట్టిన టేకు రెండింటికీ షాట్ జాబితా పక్కపక్కనే రాసి వ్యాసం చివర జత చేయండి. షూటింగ్ అయిపోయిన కొన్నాళ్లకే హార్డ్ డిస్క్‌లో చోటు కోసం రషెస్ (ఎడిట్ చేయని అసలు ఫుటేజీ) డిలీట్ చేసేస్తుంటారు, కాబట్టి ఈరోజే ఆయనకు ఫోన్ చేసి ఉంచమనండి.