గుడికి వెళ్ళలేని నేను దేవుడికి ఇంకెందుకు?

ప్రశ్న: అయ్యగారూ, నాకు 78 ఏళ్ళు, మోకాళ్ళు పట్టేసి గుడికి వెళ్ళలేకపోతున్నా, షుగర్ వల్ల కళ్ళు మసకేసి బైబిల్ కూడా చదవలేను. దేవుడికి ఇంక నేనెందుకు పనికొస్తా? – ఒక అమ్మ, గుంటూరు

జవాబు: అమ్మా, అలా అనుకోవద్దు. లూకా సువార్తలో అన్న అనే 84 ఏళ్ళ విధవరాలు ఉపవాస ప్రార్థనలతోనే కదా దేవుణ్ణి సేవించింది. అపొస్తలుడైన పౌలు కూడా తన జీవితపు పరుగు ముగించానని రాసిన ఉత్తరంలోనే చలికి అంగీ, పుస్తకాలు తెమ్మని శిష్యుడు తిమోతిని అడిగాడు, అంటే చివర్లో సాయం అడగడం తప్పేం కాదు. మా అమ్మ మంచాన పడ్డాక తలగడ కింద నోట్‌బుక్ పెట్టుకుని మనవల పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కరి కోసం ప్రార్థించేది, అట్ట నలిగిపోయింది. మీరూ మనవణ్ణి ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టమనండి, మీ పాస్టరుగారికి కబురు చేస్తే ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షరసం) ఇంటికే తెచ్చి ఇస్తారు, మొహమాటపడకండి.