ఆ పార్సిళ్లు తెనాలికి ఎందుకు వెళ్లాయి?

ప్రశ్న: నా వయసు 47. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో మెకానికల్ ఇంజినీరుని. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో డింకీ పేరుతో తయారైన చిన్న లోహపు బొమ్మ కార్లు, లారీలు కొంటుంటాను. డింకీ అచ్చులతోనే కలకత్తాలో తయారైన నిక్కీ కారు ఒకటి మా నాన్నగారు అక్క కోసం తెచ్చారు. దానితోనే నాకీ పిచ్చి మొదలైంది. విరిగినవి కొని, ఊడిపోయిన భాగాలు నేనే తయారుచేసి బిగిస్తాను. ఆ భాగాలు కావాలని ఇంగ్లండ్ నుంచి కూడా అడుగుతున్నారు. నాలుగేళ్లలో మూడున్నర లక్షల దాకా పెట్టాను. ఇంట్లో గొడవ ఎందుకని ఖరీదైనవి తెనాలిలో మా అక్క ఇంటి అడ్రసుకు తెప్పించుకున్నాను. రెండుసార్లు డబ్బు తక్కువైతే అక్కే సర్దింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఈమధ్య అక్క మనవడి అన్నప్రాశనకు వెళ్లినప్పుడు, దుప్పటి కోసం బీరువా తీసిన నా భార్యకు ఆ పెట్టెలు కనబడ్డాయి. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు. ఇది వృథా ఖర్చు కాదని, పెట్టుబడి అని ఆమెకు ఎలా నచ్చజెప్పాలి? ఉద్యోగం మానేసి భాగాల తయారీలోకి దిగితే నమ్ముతుందా? లేక అన్నీ అమ్మేయమంటారా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను, ఆ పని అయిపోతుంది. పెట్టుబడి అని నచ్చజెప్పకండి. ఉద్యోగం మానకండి. అన్నీ అమ్మేసి త్యాగమూర్తిలా కూర్చోకండి, అది ఇంకో రకం అలక.

పెట్టుబడి అన్న మాట మీరే నమ్మడం లేదు. లివర్‌పూల్‌లో బిన్స్ రోడ్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది, అక్కడి డింకీలు ఇక రావు, నిజమే. కానీ మంచి ధర పలికేవి అసలు రంగు చెదరకుండా, అసలు అట్టపెట్టెతో సహా మిగిలినవి. మీరు కొనేవి విరిగినవి. ఎంత నేర్పుగా బిగించినా, ఎంత అందంగా రంగు వేసినా సేకరించేవాళ్ల లెక్కలో అది బాగుచేసిన బండే. ఇక రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన వాటిలో కొన్నింటికి జింక్ మిశ్రమంలోనే సీసం లాంటి మలినాలు కలిశాయి. వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసినా వాటంతట అవే పగుళ్లిచ్చి రాలిపోతాయి. ఇవన్నీ నాకంటే మీకు బాగా తెలుసు. మీరు పెట్టుబడి అనగానే మీ ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇప్పటిదాకా ఎన్ని అమ్మారు? దానికి మీ దగ్గర జవాబు ఉన్నట్టు నాకు అనిపించలేదు.

ఇష్టం కొద్దీ కొన్నానని చెప్పండి. సంపాదించే మనిషికి ఒక సరదా ఉండడం నేరం కాదు. పేకాట కంటే నయం కదా అని మాత్రం అనకండి. ఆ మాట వింటే ఏ ఇల్లాలికైనా ఒళ్లు మండుతుంది.

భాగాల తయారీ గురించి మీరు రెండు పేజీలు రాశారు, ఇక్కడ కుదించాల్సి వచ్చింది. ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. ఫైరింజన్ నిచ్చెన, క్రేన్ లారీ కొక్కెం, రాయిలా బిగిసి పగిలిన టైర్లు... దొరికిన ఒక్క అసలు భాగం చుట్టూ సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీయడం, అందులో వైట్ మెటల్ (తక్కువ వేడికే కరిగే తగరపు మిశ్రమం) కరిగించి పోయడం, అంచులు ఆకురాయితో సాపు చేయడం, బండి అడుగున రివెట్‌ను తొలిచి విప్పి మళ్లీ స్క్రూతో బిగించడం. ఎక్కడా దొరకని లారీ పార్టును ఆటోనగర్‌లో లేత్ మీద తీసిచ్చే ఊరు మీది. ఆ పనితనం మీ చేతికీ వచ్చింది, వదులుకోకండి. అయితే దీని మీద ఇల్లు గడుస్తుందనుకోకండి. వేడి లోహం పోసిపోసి అచ్చు పాడైపోతుంది, మళ్లీ కొత్తది తీయాలి. ఒక నిచ్చెన, రెండు కొక్కేలు విదేశానికి పంపితే తపాలా ఖర్చుకే చాలావరకు పోతుంది. ఆదివారం పనిగానే ఉంచుకోండి.

ఆ రెండు పేజీల్లో ఇంకో మాట ఉంది. మీరు పంపే ప్రతి భాగంతో పాటు ‘ఇది కొత్తగా చేసింది, అసలుది కాదు’ అని చీటీ పెడతానని గర్వంగా రాశారు. ముక్కూ మొహం తెలియని మనిషి మోసపోకూడదని అంత జాగ్రత్త తీసుకున్నారే, పెళ్లాం దగ్గరికి వచ్చేసరికి ఆ చీటీ ఏమైంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉత్తరమంతా భార్య గురించి రాశారు గానీ, మీరు తేల్చుకోవలసింది అక్కగారితో. మొగుడు డబ్బు తగలేశాడని తెలిస్తే ఆడది నాలుగు రోజులు అరిచి ఊరుకుంటుంది. తన ఇంటి జమాఖర్చు ఆడపడుచు బీరువాలో ఉందని, అదీ చుట్టాలంతా ఉన్న ఇంట్లో, దుప్పటి తీయబోతే తెలిస్తే ఊరుకోదు. ఊరుకోకూడదు కూడా. మీ ఆవిడ స్థానంలో ఉంటే నేను అన్నప్రాశన భోజనం దాకా కూడా ఆగేదాన్ని కాదు.

అక్కగారు చెడ్డ మనిషని అనడం లేదు. అమ్మ లేని పిల్లవాణ్ణి పెంచడం మాటలు కాదు. తన కోసం వచ్చిన బొమ్మను తమ్ముడి చేతిలో పెట్టిన మనిషి ఆవిడ. కానీ అమ్మ స్థానంలో ఉన్నప్పుడు మొదటి పార్సిల్ వచ్చిన రోజే ‘మీ ఆవిడకు చెప్పావా?’ అని అడగాలి. నాలుగేళ్లు అడగకుండా, పైగా డబ్బు సర్దారంటే, తమ్ముడు ఇప్పటికీ నా దగ్గరే దాచుకుంటాడన్న తృప్తి ఆవిడకు ఎక్కడో ఉంది. నన్నేమీ అనని ఇల్లు ఒకటుందన్న తృప్తి మీకూ ఉంది. 47 ఏళ్ల వయసులో తెనాలి వెళ్లి చిన్నపిల్లాడైపోయి వస్తున్నారు. ఇక్కడ విజయవాడలో మీ ఆవిడ మాత్రం పెద్దమనిషిగా లెక్కలు చూసుకుంటోంది. అమ్మాయి ఇంటర్ ఫీజు వాయిదాల్లో కట్టామని ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ వాయిదాల కోసం కాలేజీ వాళ్లను బతిమాలింది ఎవరో రాయలేదు.

అక్కగారు ఎంత సర్దారో కూడా రాయలేదు. రాయకపోవడం నేను గమనించాను. ముందు ఆ అంకె మీ ఆవిడకు చెప్పండి. తర్వాత ప్రతి బండికీ ఎంత పెట్టారో, తపాలా, కస్టమ్స్ సుంకంతో సహా ఒక పుస్తకంలో రాసి ఆమె చేతికివ్వండి. తగ్గించి రాయకండి, ఇంకోసారి దొరికిపోతే నేను కూడా ఏమీ చేయలేను. నెలకు మీ సరదాకు ఎంతో ఇద్దరూ కూర్చుని అనుకోండి. అంతే డబ్బు ఆమెకూ ఉండాలి, దేనికి ఖర్చు పెట్టావని మీరు అడగకూడదు. అమ్మాయి ఫీజులు తీరేదాకా ఒక్క బండీ వద్దంటే ఒప్పుకోండి. విరిగినవి ఇంట్లో ఇప్పటికే బోలెడు ఉంటాయి, వాటికి భాగాలు చేసుకుంటూ కూర్చోండి.

తెనాలికి ఒక్కరే వెళ్లండి. పెట్టెలన్నీ తెచ్చేసుకోండి, అప్పు తీర్చే తేదీ చెప్పండి. ‘మా ఆవిడ ఒప్పుకోవడం లేదక్కా’ అన్నారంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. తప్పు నాదని, ఇకమీద పార్సిళ్లు మా ఇంటికే వస్తాయని చెప్పండి. ఆవిడ నొచ్చుకుంటారు, ఏడుస్తారు, పెంచిన సంగతి ఎత్తుతారు. విని ఊరుకోండి. పండక్కి పిలిచి చీర పెట్టండి, జబ్బు చేస్తే ముందు మీరే పరుగెత్తండి. ఆవిడ రుణం తీర్చుకునే దారులు చాలా ఉన్నాయి. మీ ఇంటి విషయాలు మీ ఆవిడకంటే ముందు ఆవిడకు చెప్పడం మాత్రం అందులో లేదు.

వైట్ మెటల్‌ను వంటింటి పొయ్యి మీద కరిగిస్తానని రాశారు. అందులో సీసం ఉండే రకాలున్నాయి, ఆ పొగ వంటింట్లో ఉండకూడదు. గిన్నె, పొయ్యి వేరే కొనుక్కుని గాలి బాగా ఆడే చోటికి మార్చండి. ఆమె వాసన వస్తోందన్నప్పుడల్లా చాదస్తమనుకున్నారేమో, ఆమె మాటే సరైనది.

ఇంత చేసినా ఆమె మర్నాడే నవ్వుతూ మాట్లాడుతుందని ఆశపడకండి. కొన్నాళ్లు పడుతుంది. ఈలోగా అక్కగారు ఫోన్ చేసి, ‘నేనొచ్చి మరదలికి నచ్చజెబుతాలేరా’ అంటారు. రావద్దని చెప్పండి.