కెనడాలో ఆదివాసీ స్టూడెంట్స్‌కి చదువంతా ఫ్రీయేనా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మా అమ్మాయి కెనడాలో మాస్టర్స్ చేస్తోంది. అక్కడి ఆదివాసీ పిల్లలకి చదువంతా ఫ్రీ అంట, యూనివర్సిటీలో వాళ్ళకంటూ వేరే సెంటర్, వేరే అడ్వైజర్లు, పైగా వాళ్ళ పెద్దవాళ్ళని కూడా క్యాంపస్‌లో పెట్టుకున్నారంట. మా పిల్లేమో లోన్ మీద చదువుతోంది. ఇదేం న్యాయమండీ?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, లోన్ కట్టేవాళ్ళ బాధ తెలుసు, కానీ అందరికీ ఫ్రీ అనేది నిజం కాదు, కెనడాలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా చాలామంది ఇలాగే అనుకుంటారు. కెనడా రాజ్యాంగం ప్రకారం ఆదివాసులంటే మూడు వర్గాలు, ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్ (ఉత్తర ధ్రువం వైపు ఉండేవాళ్ళు), మేటీ (ఫస్ట్ నేషన్స్, యూరప్ వాళ్ళ కలయికతో ఏర్పడిన జాతి). మీ అమ్మాయి విన్న ఫెడరల్ సాయం ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరున్న ఫస్ట్ నేషన్స్ స్టూడెంట్స్‌కి సంబంధించింది, మిగతా రెండు వర్గాలకి 2019 బడ్జెట్‌లో వేరే ఏర్పాటు చేశారు. ఆ డబ్బు కూడా అప్లై చేసిన ప్రతివాళ్ళకీ రాదు. ఎక్కువగా వాళ్ళ బ్యాండ్‌కి, అంటే వాళ్ళ సొంత పాలక మండలికి వెళ్తుంది, వచ్చిన దాంట్లోనే ఎవరికి ఇవ్వాలో ఎవర్ని ఆపాలో వాళ్ళు తేల్చుకోవాలి, 1996 నుంచి చాలా ఏళ్ళు ఈ నిధులు ఏడాదికి 2 శాతం మించి పెరక్కూడదని పరిమితి పెట్టారు, పిల్లల సంఖ్య చూస్తే అంతకంటే వేగంగా పెరిగింది, దాంతో వెయిటింగ్ లిస్ట్ తప్పలేదు. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళకి దూరంగా పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ళ మీద విచారించిన ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ 2015లో చేసిన 94 సూచనల్లో 11వది ఇదే, చదువు కోసం క్యూలో ఆగిపోయిన ఫస్ట్ నేషన్స్ పిల్లలకి డబ్బు సర్దమని.

ఇక న్యాయం సంగతి. 1876లో ఇండియన్ యాక్ట్ అని ఒకటి తెచ్చారు (మన ఇండియాకి సంబంధం లేదు, అక్కడి ఫస్ట్ నేషన్స్ వాళ్ళని ప్రభుత్వం అలా పిలిచేది). అప్పట్లో దాని ప్రకారం వాళ్ళలో ఎవరైనా యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నా, లాయరో పాస్టరో అయినా ఆటోమేటిక్‌గా వాళ్ళ చట్టపరమైన ఆదివాసీ హోదా పోయే దారిలో పడేవారు. చదువుకున్నావు కాబట్టి ఇక నువ్వు మీవాళ్ళలో మనిషివి కాదు అన్నట్టు! ఇంకోపక్క రెసిడెన్షియల్ స్కూళ్ళు, కనీసం లక్షా 50 వేల మంది పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి సొంత భాష మాట్లాడితే కొట్టేవాళ్ళు, చివరి స్కూళ్ళు మూతపడింది 1990ల్లో. అమ్మమ్మని అలాంటి చోట పెట్టిన ఇంట్లోంచి ఒక పిల్ల బయల్దేరి యూనివర్సిటీ గేటు దాకా వచ్చిందంటే ఆ పిల్లకి తనవాళ్ళు కనపడే గది ఒకటుండటం నాకైతే ఎక్కువ అనిపించదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది బ్లూ క్విల్స్ సంగతి. అల్బర్టాలో సెయింట్ పాల్ దగ్గరున్న రెసిడెన్షియల్ స్కూల్ అది, 1970లో అక్కడి క్రీ, డెనే అనే ఫస్ట్ నేషన్స్ జాతుల కుటుంబాలు బిల్డింగ్‌లోనే బైఠాయించి ఇక మేమే నడుపుకుంటాం అని కూర్చున్నారు, ప్రభుత్వం దిగొచ్చింది. ఇప్పుడది యూనివర్సిటీ. 1972లో నేషనల్ ఇండియన్ బ్రదర్‌హుడ్ అనే ఫస్ట్ నేషన్స్ వాళ్ళ దేశవ్యాప్త సంఘం మా పిల్లల చదువు మా చేతికివ్వండి అని పాలసీ పేపర్ పెట్టింది, 1976లో సస్కాచువాన్‌లో మొదలైన కాలేజీనే తర్వాత ఫస్ట్ నేషన్స్ యూనివర్సిటీ ఆఫ్ కెనడా అయింది. చూడండి, వీళ్ళెవరూ ముందు స్కాలర్‌షిప్ అడగలేదు, పెత్తనం అడిగారు. సాయం ఎంతిస్తున్నారు అనేదానికన్నా ఎలా ఇవ్వాలో ఎవరు డిసైడ్ చేస్తున్నారు అనేదే నా దృష్టిలో అసలు విషయం.

ఎందుకంటే రూల్స్ రాసేవాళ్ళకి ఆ జీవితం తెలియకపోతే ఎగ్జామ్ టైమ్‌లో పెద్దనాన్న పోతే "సొంత తండ్రి కాదుగా, లీవ్ లేదు" అంటారు. స్టూడెంట్స్‌లో పిల్లలున్న తల్లులు చాలామంది ఉంటారు, వాళ్ళకి ట్యూషన్ ఫీజు కంటే బేబీకేర్, అద్దె పెద్ద తలనొప్పి, ఆ సంగతి తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉంటేనే బడ్జెట్‌లోకి వస్తుంది. వెర్నా కర్క్‌నెస్ అని క్రీ జాతి పెద్దావిడ, బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఫస్ట్ నేషన్స్ హౌస్ ఆఫ్ లెర్నింగ్ నడిపినావిడ, 1991లో రే బార్న్‌హార్ట్ అనే ప్రొఫెసర్‌తో కలిసి ఇదే రాశారు, పిల్లలు మధ్యలో మానేస్తుంటే లోపం పిల్లల్లో వెతక్కండి, యూనివర్సిటీలో వెతకండి అన్నది సారాంశం.

ప్రశ్న: ఇప్పుడు ప్రతి యూనివర్సిటీలో ఆదివాసీ వైస్ ప్రెసిడెంట్ అని ఒక పోస్ట్ పెడుతున్నారు కదా, అంటే సమస్య తీరినట్టేనా?

జవాబు: లేదండీ. ప్రతి చోటా లేదు కానీ 2015 కమిషన్ రిపోర్ట్ తర్వాత బాగా పెరిగాయి, అది మంచిదే. ఆ పోస్ట్‌కి సొంత బడ్జెట్, మనుషుల్ని తీసుకునే అధికారం ఉన్నాయా లేక ఫోటోకీ ప్రారంభోత్సవానికీ పిలుస్తారా అని చూడాలి. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒక్క ఆదివాసీ ప్రొఫెసర్‌నే అన్ని కమిటీల్లో వేసి, ఏడుపొచ్చిన ప్రతి స్టూడెంట్‌నీ ఆమె దగ్గరికే పంపి, చివర్లో ప్రమోషన్ టైమ్‌లో "మీ రీసెర్చ్ పేపర్లు తక్కువున్నాయే" అంటే అది లీడర్‌షిప్ కాదు, వెట్టిచాకిరీ.

ప్రశ్న: మావాడు అక్కడే చదువుతున్నాడు. ఆ సెంటర్‌కి మనవాళ్ళు వెళ్ళొచ్చా?

జవాబు: అందరికీ అని బోర్డు పెట్టిన ప్రోగ్రామ్స్‌కి హాయిగా వెళ్ళొచ్చు, పిలుస్తారు కూడా. స్టడీ రూమ్, కౌన్సెలింగ్, ఎల్డర్ (క్యాంపస్‌లో ఉండే వాళ్ళ పెద్దవాళ్ళు) టైమ్ మాత్రం ముందు వాళ్ళ స్టూడెంట్స్‌కే, కాబట్టి రిసెప్షన్‌లో అడిగి వెళ్ళమనండి. ఆకులు వెలిగించి పొగతో ప్రార్థన చేస్తుంటే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టొద్దని చెప్పండి. విన్నిపెగ్, లేక్‌హెడ్ యూనివర్సిటీల్లో అయితే 2016 నుంచి డిగ్రీ స్టూడెంట్స్‌కి ఆదివాసీ విషయాల మీద ఒక కోర్సు తప్పనిసరి చేశారు, వాళ్ళ కాలేజీలో ఆప్షనల్‌గా ఉన్నా సరే తీసుకోమనండి.