ప్రాజెక్ట్ మేనేజర్ జెనరేటివ్ ఏఐ నేర్చుకుంటే విలువ పెరుగుతుందా, అసలు ఉద్యోగమే పోతుందా?

ఎనిమిదేళ్లుగా ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేస్తున్నాను, ఇప్పుడు జెనరేటివ్ ఏఐ (చాట్‌జీపీటీలా అడిగింది రాసిపెట్టే ఏఐ) నేర్చుకుని రెజ్యూమేలో పెట్టుకుంటే జీతం పెరుగుతుందా, లేక ఆ ఏఐ వల్లే ఈ ఉద్యోగం పోతుందా, ఏదైనా సర్టిఫికెట్ చేయాలా అని అడిగారు. నేను సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడుపుతాను, అప్పుడప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్లను (పీఎంలను) ఇంటర్వ్యూ కూడా చేస్తుంటాను కాబట్టి బల్లకి రెండు వైపులా కూర్చున్న అనుభవంతో చెప్తున్నా. ఏఐ వాడటం వచ్చినంత మాత్రాన ఎవరూ ఎక్కువ ఇవ్వరు, అది ఇప్పుడు అందరికీ వచ్చు. అది రాసిచ్చినదాంట్లో తేడా ఎక్కడుందో పట్టుకునేవాళ్లకి మాత్రం ఇస్తున్నారు.

ముందు భయం సంగతి. 2030 నాటికి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పనుల్లో 80 శాతం పోతాయని గార్ట్‌నర్ అనే టెక్ పరిశోధన సంస్థ చెప్పిన మాట మీ వరకూ వచ్చే ఉంటుంది. వాళ్లు ఆ మాట అన్నది 2019లో, అంటే చాట్‌జీపీటీ రాకముందే. పైగా వాళ్లు పోతాయన్నది పనులు, మనుషులు కాదు. డేటా పోగుచేయడం, ట్రాక్ చేయడం, రిపోర్టులు వండటం లాంటివి. నిజం చెప్పాలంటే నా రోజువారీ పనిలో అవి ఇప్పటికే చాలావరకు పోయాయి. వీక్లీ స్టేటస్ రిపోర్ట్, మినిట్స్ (మీటింగ్‌లో ఎవరేం అన్నారో రాసే నోట్స్), యూజర్ స్టోరీల (వాడేవాళ్లకి ఏం కావాలో చెప్పే చిన్న వివరణల) మొదటి డ్రాఫ్ట్, ఆలస్యం అవుతోందని క్లయింట్‌కి నొప్పి తెలియకుండా చెప్పే మెయిల్ (ఇది నాకంటే బాగానే రాస్తుంది) అన్నీ నిమిషాల్లో అయిపోతున్నాయి. కాబట్టి డెవలపర్ చెప్పింది క్లయింట్‌కి, క్లయింట్ చెప్పింది డెవలపర్‌కి చేరవేసే పోస్ట్‌మ్యాన్ పని మాత్రమే చేస్తున్న పీఎంలకి గడ్డుకాలమే. అది దాచి లాభం లేదు.

మరి తేడా పట్టుకోవడం అంటే ఏంటి? మా దగ్గర మీటింగ్ రికార్డ్ చేసి మినిట్స్ రాసిపెట్టే టూల్ ఉంది. ఒక మీటింగ్‌లో టెక్ లీడ్ "అవతలి టీమ్ ఏపీఐ ఇస్తే నెలాఖరుకి అవ్వొచ్చు" అన్నాడు (ఏపీఐ అంటే రెండు సాఫ్ట్‌వేర్లని కలిపే లింకు). మినిట్స్‌లో "నెలాఖరుకి పూర్తి చేస్తామని టీమ్ అంగీకరించింది" అని వచ్చింది. షరతు మొత్తం ఎగిరిపోయింది. చదవడానికి మాత్రం ముచ్చటగా ఉంది, ఎవరైనా అలాగే ఫార్వర్డ్ చేసేస్తారు, క్లయింట్ ఇన్‌బాక్స్‌లో పడ్డ మరుక్షణం అది మన కమిట్‌మెంట్ అయిపోతుంది. పంపేముందు దాన్ని సరిచేయగలిగానంటే నేను ఆ మీటింగ్‌లో ఉన్నాను, ఆ లీడ్ ఎప్పుడు గట్టిగా మాటిస్తాడో ఎప్పుడు తప్పించుకోవడానికి అంటాడో నాకు తెలుసు కాబట్టి. అదే మీటింగ్‌లో టెస్టింగ్ వాళ్లు నోరే విప్పలేదు. మాట్లాడని విషయం ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండదు కదా. తర్వాత ఫోన్ చేసి అడిగితే, వాళ్లకి టెస్ట్ ఎన్విరాన్‌మెంటే ఇంకా రాలేదట.

రిస్క్ రిజిస్టర్ (ప్రాజెక్టులో ఏమేం తేడా రావచ్చో రాసుకునే పట్టిక) కూడా ఇంతే. ఊరికే "ఈ ప్రాజెక్టుకి రిస్కులు చెప్పు" అంటే కీలకమైన ఉద్యోగులు మానేయొచ్చు, అవసరాలు మారొచ్చు, బడ్జెట్ దాటొచ్చు అని పేజీలకు పేజీలు ఇస్తుంది. అవి ఏ ప్రాజెక్టుకైనా నిజమే, అందుకే దేనికీ పనికిరావు. రిలీజ్ వారంలోనే డేటాబేస్ చూసే ఒకే ఒక్క మనిషి సెలవులో ఉంటాడనీ, అప్రూవల్ ఇవ్వాల్సిన పెద్దాయనకి మన వెండర్ అంటే పడదనీ ఏ డాక్యుమెంట్‌లోనూ రాసి ఉండదు. అయితే సరుకు సరిగ్గా ఇస్తే మాత్రం బాగా పనిచేస్తుంది. పాత ప్రాజెక్టుల రెట్రోస్పెక్టివ్ నోట్స్ (ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని రాసుకున్నవి), చేంజ్ రిక్వెస్టుల (మధ్యలో అడిగిన మార్పుల) లాగ్ ఇచ్చి, "ఆరు నెలల తర్వాత ఈ ప్రాజెక్ట్ ఫెయిల్ అయిందనుకో, ఎందుకు అయిందో రాయి" అని అడిగి చూడండి. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్ట్ 2007లో రాసిన ప్రీమార్టెమ్ పద్ధతే ఇది, కొత్తదేం కాదు. అలా అడిగితే మా టీమ్‌లో ఎవరూ పైకి అనని రెండు మూడు సంగతులు బయటికొచ్చాయి, వాటిని "ఇది ఏఐ అంటోంది" అని టేబుల్ మీద పెడితే ఎవరికీ కోపం రాకుండా చర్చ కూడా నడిచింది.

ఇక్కడో జాగ్రత్త. కంపెనీ అనుమతి లేని టూల్‌లో ఇవన్నీ పేస్ట్ చేయకండి. ఉద్యోగులు సోర్స్ కోడ్ చాట్‌జీపీటీలో పెట్టారని 2023లో శాంసంగ్ అలాంటి టూల్స్‌నే నిషేధించింది. క్లయింట్ కాంట్రాక్ట్ అయితే మరీ ప్రమాదం.

ఇప్పుడు పీఎం విలువ నిజంగా తేలే చోటికి వద్దాం. ఎస్టిమేట్లు. ఈ మధ్య ప్రతి క్లయింటూ అడిగే మాట ఒకటే, "మీ డెవలపర్లు ఏఐ వాడుతున్నారుగా, మరి డేట్ ముందుకు జరపండి, రేటు తగ్గించండి." దీనికి మీ దగ్గర జవాబు ఉండాలి, అదీ లెక్కలతో. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయోగం చేసింది. బాగా అనుభవం ఉన్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లకి, వాళ్లకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చి, కొన్నిటికి ఏఐ వాడొచ్చు, కొన్నిటికి వాడకూడదు అన్నారు. పని అయ్యాక డెవలపర్లు ఏఐ వల్ల 20 శాతం వేగం పెరిగిందనుకున్నారు. తీరా కొలిచి చూస్తే 19 శాతం ఎక్కువ టైమే పట్టింది. ఇది అందరికీ, అన్ని పనులకీ వర్తిస్తుందని కాదు, అది చిన్న ప్రయోగం, టూల్స్ కూడా ఆ తర్వాత మారాయి. నాకు అందులో పనికొచ్చింది వేరే సంగతి: వేగం పెరిగిందన్న ఫీలింగ్‌ని నమ్మి ప్లాన్ వేయకూడదు, స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడాలి.

మా టీమ్‌లో చూస్తే కోడ్ రాయడం నిజంగానే వేగమైంది. కానీ రాసిందంతా వెళ్లి ఇద్దరు సీనియర్లు చదివి ఒప్పుకోవాల్సిన రివ్యూ క్యూలో కూర్చుంది, ఎందుకంటే రాసే చేతులు వేగమయ్యాయి గానీ చదివే కళ్లు అవే కదా. వాళ్లకి టెన్షన్, మిగతావాళ్లకి వెయిటింగ్. ఆ విడత పనులు ఎంతవరకు వచ్చాయో చూపే స్ప్రింట్ బోర్డ్ మీద అన్నీ "దాదాపు అయిపోయాయి" అన్నట్టే కనిపిస్తాయి, రిలీజ్ మాత్రం కదలదు. రివ్యూని ప్లాన్‌లో విడిగా పనిగా చూపించి, ఒకేసారి ఎన్ని రివ్యూలో ఉండొచ్చో పరిమితి పెట్టాక పరిస్థితి చక్కబడింది. ఆ తర్వాత క్లయింట్ అడిగినప్పుడు, కోడింగ్‌లో ఎంత టైమ్ ఆదా అయింది, రివ్యూలో టెస్టింగ్‌లో మీవైపు అప్రూవల్స్‌లో ఎంత పోతోంది అని చూపించగలిగాను. అప్రూవల్స్ వరుస చూడగానే అవతలి మేనేజర్ టాపిక్ మార్చేశాడు, అది వేరే కథ.

ఇంకో దారి కూడా ఉంది, ప్రస్తుతం డబ్బు ఎక్కువగా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఏఐతో కట్టే ప్రాజెక్టుల్ని నడపడం. మామూలు సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే పనిచేస్తుంది, లేదంటే చేయదు. చాట్‌బాట్‌లో అదే ప్రశ్నకి ఈరోజు ఒకలా, రేపు ఇంకోలా జవాబు రావచ్చు. మరి "పని పూర్తయింది" అని ఎప్పుడు సంతకం పెడతారు? ఎన్ని టెస్ట్ ప్రశ్నల్లో ఎన్ని సరిగ్గా రావాలి, ఎలాంటి తప్పు ఒక్కటి కూడా రాకూడదు, ఆ ప్రశ్నల పట్టిక ఎవరు రాస్తారు, మోడల్ కంపెనీ పాత వెర్షన్ ఆపేస్తే మళ్లీ టెస్టింగ్ ఖర్చు ఎవరిది, వాడకం పెరిగేకొద్దీ పెరిగే టోకెన్ల (మోడల్ చదివే, రాసే మాటల ముక్కల) బిల్లు ఎవరి బడ్జెట్‌లోది... ఇవన్నీ మొదటి వారంలోనే కాగితం మీద పెట్టించాల్సినవి. 2024లో ఎయిర్ కెనడా కేసు చూడండి. వాళ్ల చాట్‌బాట్ టికెట్ రీఫండ్ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. బాట్ చేసిన దానికి బాటే బాధ్యత వహించాలి అన్న తరహాలో కంపెనీ వాదిస్తే ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, డబ్బు కట్టమంది. అలాంటి తప్పుకి బాధ్యత ఎవరిదో లాంచ్‌కి ముందే అడిగి, అందరి ముందూ రాయించే పీఎంకి ఉన్న గిరాకీ, ప్రాంప్టులు బాగా రాసే పీఎంకి లేదు.

సర్టిఫికెట్ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఇచ్చే పీఎంఐ సంస్థే జెనరేటివ్ ఏఐ మీద ఉచిత కోర్సు పెట్టింది, అది చేయండి. అందరికీ ఉచితంగా దొరికే దాని వల్ల జీతం పెరగదు గానీ, మీటింగ్‌లో హాలూసినేషన్ (ఏఐ లేనిది ఉన్నట్టు చెప్పడం), కాంటెక్స్ట్ విండో (అది ఒకేసారి ఎంత చదవగలదు అన్నది) లాంటి మాటలొస్తే మొహం చెల్లకుండా కూర్చునే బాధ తప్పుతుంది.

నాకు నిజంగా బెంగగా ఉన్నది మీలాంటి ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాళ్ల గురించి కాదు, కొత్తగా వచ్చేవాళ్ల గురించి. మేమంతా మినిట్స్ రాస్తూ రాస్తూ, ఎవరి మాటకి ఎంత బరువో నేర్చుకున్నాం. ఆ పని టూల్‌కి పోయింది. అందుకని మా దగ్గర జూనియర్లకి టూల్ రాసిన మినిట్స్ ఇచ్చి, రికార్డింగ్ వింటూ తేడాలు గుర్తు పెట్టమంటున్నాను. మొదట విసుక్కున్నారు, ఇప్పుడు నేను వదిలేసినవి కూడా పట్టేస్తున్నారు.

మీ రెజ్యూమే విషయానికొస్తే "జెనరేటివ్ ఏఐ పరిజ్ఞానం ఉంది" అన్న లైను తీసేసి, దాంతో ఏం మార్చారో రాయండి: ఏ రిపోర్ట్ ఆపేశారు, ఆ మిగిలిన టైమ్ ఎక్కడ పెట్టారు, ఏ తప్పు ముందే దొరికింది. నేను ఇంటర్వ్యూలో ఏఐ తయారుచేసిన ఒక ప్రాజెక్ట్ ప్లాన్ ఇచ్చి, దీన్ని రేపు క్లయింట్‌కి పంపాలి, చూసి చెప్పండి అంటాను. చాలామంది పట్టికలు, రంగులు, మాటల పొందిక గురించి మాట్లాడతారు. కొందరు మాత్రం రెండో పేజీ దగ్గర ఆగి, "యూజర్ టెస్టింగ్ ఈ వారం మొదలవుతుందని ఉంది, పాత డేటాని కొత్త సిస్టమ్‌లోకి తెచ్చే మైగ్రేషన్ ఏమో పై వారం అవుతుందని ఉంది, మరి వాళ్లు ఏ డేటాతో టెస్ట్ చేస్తారు?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్ల జీతం కోసం హెచ్ఆర్‌తో నేనే పోట్లాడతాను.