ట్విస్ట్ తెలిసిపోయాక పోకిరి చూడొచ్చా?

పోకిరి సినిమాలో మహేష్ బాబు చేసిన పండు, గూండాల్లో కలిసిపోయి తిరుగుతున్న పోలీసని ఎవరో ముందే చెప్పేశారు, ఇక చూసి ఏం లాభం అని ఒకరు అడిగారు. తప్పకుండా చూడండి. నాకైతే తెలిసి చూసినప్పుడే ఎక్కువ నచ్చింది.

2006 ఏప్రిల్‌లో రిలీజైనప్పుడు నేను ఇంటర్. ఏలూరులో మొదటి వారమే చూశాను, ఈలల గోలలో సగం డైలాగులు వినపడనే లేదు. ఆడవాళ్లు, పిల్లలు చచ్చే పని నేను చెయ్యనని డాన్‌గా చేసిన ప్రకాష్ రాజ్ మొహం మీదే పండు చెప్తుంటే నేనూ ఈల వేశాను. అదే సీను 2022 ఆగస్టులో మహేష్ పుట్టినరోజుకి మళ్లీ వేసినప్పుడు చూస్తే, ఈ ఒక్క మాటతో దొరికిపోతాడేమో అని టెన్షన్. బిచ్చగాళ్ల కామెడీ మాత్రం ఈసారి బాగా సాగదీసినట్టు అనిపించింది.

నాకు ఇంత పట్టడానికి కారణం మా బాబాయ్. కానిస్టేబుల్, కొన్నాళ్లు మఫ్టీలో తిప్పారు. ఒకరోజు పాత బస్టాండు దగ్గర బడ్డీ కొట్టు ముందు మాసిన లుంగీలో, గడ్డంతో, ఇంకో ఇద్దరితో నిలబడి కనిపించాడు. పిలవబోయాను. నా మొహంలోకి చూసి, ఎవరో తెలియనట్టు అటు తిరిగి కొట్టువాణ్ణి అగ్గిపెట్టె అడిగాడు. ఇంటికొచ్చి చెప్తే పిన్ని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఇంకెక్కడా అనకు నాన్నా అంది. ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో ఆవిడకీ తెలీదు.

సినిమాలో గుట్టు బయటపడేది కూడా ఇంటి మనిషి నోటి నుంచే. కమిషనర్ కూతుర్ని ఎత్తుకెళ్లి మత్తు ఎక్కిస్తే, గ్యాంగులో మా నాన్న మనిషి ఒకడున్నాడని ఆ పిల్ల అనేస్తుంది. అక్కణ్ణుంచి వాళ్లు పండు తండ్రిగా చేసిన నాజర్ ఇంటిదాకా వచ్చేస్తారు, ఆ పోలీసు కొడుకుని బయటికి లాగడానికి ఆ పెద్దాయన్ని చంపేస్తారు. తమిళం, హిందీ, కన్నడంలో కూడా తీశారు కానీ ముందు తెలుగే చూడండి, నాజర్ కోసమైనా.

2022లో ఆ షోకి, అప్పటికే రిటైరైన బాబాయ్‌ని కూడా తీసుకెళ్లాను. తండ్రి శవం దగ్గరికి పండు వచ్చినప్పుడు హాలంతా అరుస్తుంటే ఆయన మాత్రం కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. బయటికొచ్చాక బండి తీస్తుంటే అన్నాడు, "ఆ రోజు బస్టాండు దగ్గర నువ్వు పిలిచేసుంటే ఏం చెయ్యాలో నాకేం తోచలేదురా."