టీచరమ్మను అడగండి: ఐదు చదివిన అమ్మ, ఏడు చదివే బిడ్డ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ట్యూషన్ల గురించే. హైదరాబాద్ సర్కారు బళ్లలో 31 ఏళ్లు లెక్కలు చెప్పిన దాన్ని కాబట్టి ట్యూషన్ అనగానే నాకు కాస్త కోపం వస్తుంది. అది జవాబుల్లో కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తాను. మా బిడ్డ సర్కారు బడిలో ఏడో తరగతి. మూడు దాకా తెలుగు మీడియం, నాలుగు నుంచి ఇంగ్లిష్ మీడియం అయింది. నేను ఐదు వరకే చదివాను, అదీ తెలుగులో. బిడ్డ పుస్తకం తెచ్చి అడిగితే నాకేమీ తెలియదు, సిగ్గేస్తుంది. పక్కింటామె నెలకు వెయ్యి రూపాయల ట్యూషన్ ఉంది, వెయ్యమంటోంది. వెయ్యమంటారా?
– ఒక తల్లి, బోరబండ

జవాబు: ఆ వెయ్యి దాచుకోండమ్మా, కనీసం సంక్రాంతి దాకా. అలాంటి ట్యూషన్లు చాలా చూశాను. ఒకటే గది, నాలుగో తరగతి నుంచి పది దాకా ముప్పై మంది, గైడ్‌లోని జవాబులు నోట్సులోకి ఎక్కించడం. బడిలో పొద్దున రాసిందే సాయంత్రం ఇంకోసారి రాస్తారు.

ముందు పాప పుస్తకం తెరవండి. 2022–23లో సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో వేశారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీ వైపు చూడనివ్వరు, చూస్తే ఇంగ్లిష్ రాదని భయం. నా అనుభవం వేరు. సంగతి బుర్రకెక్కిన తర్వాతే ఇంగ్లిష్ మాట నిలుస్తుంది, లేకపోతే పరీక్ష దాకా ఉంటుంది, ఆ తర్వాత పోతుంది. కాబట్టి తెలుగు పేజీ ముందు చదివించండి. మీ ఐదో తరగతి తెలుగు దానికి చాలు.

పాప సైన్సులో ఆమ్లాలు, క్షారాలు అని ఒక పాఠం ఉంటుంది. జాకెట్ మీద పసుపు మరక పడితే సబ్బు రుద్దగానే ఎర్రగా మారడం మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారు? ఆ పాఠం అదే. సబ్బు క్షారం, అందుకే పసుపు ఎరుపెక్కింది. దాని మీద నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగే వస్తుంది, నిమ్మరసం ఆమ్లం కాబట్టి. ఒక పాత గుడ్డముక్క మీద పాప చేతే చేయించి చూడండి. పేరు పాప చెబుతుంది, పని మీరు చూపిస్తారు.

లెక్కల్లో నిష్పత్తి, అనుపాతం వస్తాయి. హాస్టల్‌లో అరవై మందికి ఆరు కిలోల బియ్యం పెడతారనుకుందాం. పండక్కి పిల్లలు ఊళ్లకెళ్లి నలభై ఐదు మందే మిగిలితే ఎంత పొయ్యాలి? మీరు చెయ్యి పెట్టి కొలిచేస్తారు. పాపను కాగితం మీద చేయమనండి. నాలుగున్నర కిలోలు వచ్చిందా, ఆ పాఠం వచ్చినట్టే.

ఇక రోజూ చేయాల్సింది ఒకటే. అన్నం తినేటప్పుడు పుస్తకం మూయించి, ఈరోజు బడిలో ఏం చెప్పారో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. పది నిమిషాలు చాలు. చూసి పదిసార్లు చదవడం కన్నా చూడకుండా ఒకసారి గుర్తు తెచ్చుకుని చెప్పడం బాగా నిలుస్తుంది. తప్పు చెబితే నాకెలా తెలుస్తుందంటారేమో. సరిగ్గా తెలియని పిల్ల "ఎందుకట్లా?" అనగానే నసుగుతుంది. ఆ చోట పుస్తకంలో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టించండి. మర్నాడు ఆ చుక్క టీచర్‌కు చూపించి అడగాలి, అంతే.

సిగ్గు అన్నారు. సిగ్గుపడాల్సింది నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీలాంటి తల్లులు వస్తే "మీరేం చూస్తారమ్మా, రోజూ బడికి పంపండి చాలు" అనేదాన్ని. వాళ్లు తలూపి వెళ్లిపోయేవారు, మళ్లీ వచ్చేవారు కాదు. ఎందుకు రావడం లేదో నాకు తట్టడానికి ఏళ్లు పట్టింది.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఆరో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్. ఫీజు లక్ష దాటింది. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే ఇంటికి ఆరు. లెక్కల్లో మార్కులు తగ్గాయని సాయంత్రం ఇంకో ట్యూషన్ పెట్టమంటున్నారు. మీ సలహా?
– ఒక తండ్రి, కొత్తపేట

జవాబు: ఈ రాత్రి మీవాణ్ని ఒక ప్రశ్న అడగండి. రొట్టెలో నాలుగింట మూడు వంతులు ఎక్కువా, మూడింట రెండు వంతులు ఎక్కువా? సూత్రం చెప్పనివ్వొద్దు, బొమ్మ గీసి చూపించమనండి. రొట్టెను పన్నెండు ముక్కలు చేస్తే మొదటిది తొమ్మిది ముక్కలు, రెండోది ఎనిమిది. ఫౌండేషన్ పుస్తకంలో ఎక్స్, వై లెక్కలు టకటకా చేసే పిల్లలు ఇక్కడ చతికిలబడటం నేను చూశాను. మీవాడూ ఆగిపోతే వాడికి కావాల్సింది నాలుగు, ఐదు తరగతుల భిన్నాలు. అది ఆదివారం పూట మీరే చెప్పొచ్చు, పైసా ఖర్చు లేదు.

పొద్దున ఎనిమిది నుంచి ఆరు దాకా అంటే పది గంటలు. మీ ఆఫీసు అంతసేపు ఉందా? ఉన్నా ఇంటికొచ్చాక మీకు ఇంకో ఆఫీసు పెట్టరు కదా! ఆ ట్యూషన్ వద్దు. ఆదివారం వాణ్ని అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లి వంద రూపాయలు చేతికివ్వండి. ఏది కొన్నా మీరు మాట్లాడొద్దు. (కామిక్స్ కొంటాడు. కొననివ్వండి.)

ప్రశ్న: ఫీజు కట్టలేదని ప్రైవేటు స్కూల్లో మా నాలుగో తరగతి పాపను రెండు రోజులు క్లాసు బయట నిలబెట్టారు. గొడవ చేస్తే పాపను ఇంకా సతాయిస్తారేమో. టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్నారు, మలక్‌పేట

జవాబు: గొడవ వద్దు, కాగితం పెట్టండి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఫీజు పెద్దల మధ్య సంగతి, దానికి పిల్లను నిలబెట్టడమేంటి? ఏ తేదీల్లో ఏం జరిగిందో రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, మీ కాపీ మీద సంతకం తీసుకోండి. ఆగకపోతే అదే కాపీతో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. పాపతో మాత్రం తప్పు తనది కాదని ఈరోజే చెప్పండి.

ప్రశ్న: మేడమ్, నేను బస్తీ బడిలో కొత్తగా చేరిన టీచర్ని. పేరెంట్స్ మీటింగ్ పెడితే నలభై మందిలో ఆరుగురు వచ్చారు. చదువంటే వీళ్లకు విలువ లేదని స్టాఫ్ రూంలో అంటున్నారు. నిజమేనా?
– ఒక టీచర్, ముషీరాబాద్

జవాబు: మీటింగ్ ఎన్నింటికి పెట్టారమ్మా? పొద్దున పదకొండుకైతే ఆ ఆరుగురు రావడమే ఎక్కువ. అడ్డా మీద నిలబడే మనిషికి ఆ పూట పోతే ఆరోజు కూలీ పోతుంది. ఒకసారి సాయంత్రం ఏడింటికి పెట్టి చూడండి.

నేనూ స్టాఫ్ రూంలో ఆ మాట అన్నదాన్నే. ఒక పిల్లగాడు రోజూ ఆలస్యంగా వస్తున్నాడని వారం పాటు గుమ్మం దగ్గర నిలబెట్టాను. చివరికి వాళ్ల బస్తీకి వెళ్తే, ట్యాంకర్ వచ్చే వేళకు ఇంట్లో నీళ్లు పట్టేది వాడొక్కడేనని తెలిసింది. నీళ్లు పట్టాక బడికి పరుగెత్తుకొచ్చేవాడు. చదువుకు విలువ ఇవ్వని పిల్లగాడైతే పరుగెత్తడు కదా.

ఇంకొకటి. బడి నుంచి ఫోన్ వస్తే మన పేరెంట్స్‌కు కంప్లైంట్ అనే అర్థం. మీరు వారానికి ముగ్గురికి మంచి మాట చెప్పడానికే ఫోన్ చేయండి. నేను మొదటిసారి అలా చేసింది ఒక మేస్త్రీ గారికి. "మీ అమ్మాయి ఈరోజు బోర్డు మీద లెక్క చేసి క్లాసంతటికీ చెప్పింది" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా అడిగాడు: "సరే మేడమ్, ఇంకేం చేసింది?"

ఇంకేమీ చేయలేదని ఆయన్ను నమ్మించడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాతి మీటింగ్‌కు సిమెంటు చేతులతోనే వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు.